ఆపిల్ కప్ 2028తో ఆగిపోకూడదు: వాషింగ్టన్ రాష్ట్రంలోని రెండు విశ్వవిద్యాలయాల రీజెంట్లకు బహిరంగ లేఖ

యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ రీజెంట్లకు, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ రీజెంట్లకు, అంటే ఆ రెండు పాలక మండళ్ల సభ్యులకు, నమస్కారాలు.

నేను 1996 ఆగస్టులో తెనాలి నుంచి వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్న పుల్‌మన్‌కు ఎమ్మెస్ చదవడానికి వచ్చి, చదువు పూర్తయ్యాక ఉద్యోగం కోసం సియాటిల్ వైపు చేరి, అప్పటి నుంచీ బెల్‌వ్యూలోనే స్థిరపడినవాణ్ని. మా అమ్మాయి సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చదివింది. అంటే మీలో ఒకరి దగ్గర చదువుకున్నాను, ఇంకొకరికి ఫీజులు కట్టాను. మా ఇంట్లో బట్టలు ఆరేసే తీగ మీద క్రిమ్సన్ ఎరుపు చొక్కా పక్కన ఊదారంగు చొక్కా ఆరుతుంటుంది. మీ రెండు జట్ల ఆపిల్ కప్ ఫుట్‌బాల్ పోటీ గురించి ఈ లేఖ రాసే అర్హత నాకేమైనా ఉంటే అది అంతవరకే.

ఇంగ్లిషు ప్రతిని మీ రెండు కార్యాలయాలకూ పంపాను. తెలుగులోనూ రాయడానికి కారణం ఏమిటంటే, లేక్ వాషింగ్టన్‌కు తూర్పున ఉన్న మా ఊళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల పిల్లలు ఏటా మీ తరగతి గదుల్లోకి వస్తున్నారు. ఆ తల్లిదండ్రుల్లో చాలామందికి మీ ఆటలతో పరిచయం లేదు. శనివారం మధ్యాహ్నం భోజనాలకు పిలిస్తే నేను రానంటే, ‘ఆ ఓడిపోయే టీము కోసమా?’ అని నవ్వే మిత్రులు వాళ్లే. సంగతి వాళ్లకూ తెలిస్తే మీకు ఇలాంటి ఉత్తరాలు ఇంకొన్ని వస్తాయన్న ఆశ నాది.

విషయం ఆపిల్ కప్. మీ రెండు విశ్వవిద్యాలయాల అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు, హస్కీలు (యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్), కూగర్లు (వాషింగ్టన్ స్టేట్), తొలిసారి 1900లో తలపడ్డాయి. ఆ ఆట 5–5తో సమంగా ముగిసింది. ఆపిల్ పళ్లకు పేరున్న రాష్ట్రం కనుక 1960లలో ఆ పోటీకి ఆపిల్ కప్ అన్న పేరు స్థిరపడింది. మొత్తం లెక్క చూస్తే హస్కీలు గెలిచినవాటిలో సగం కూడా మా కూగర్లు గెలవలేదు, ఆ సంగతి దాచుకోవలసిన పని లేదు. నన్ను భయపెడుతున్న లెక్క ఇంకొకటి. 2023 నవంబరు చివర్లో మీరు ప్రకటించిన ఒప్పందం ఐదేళ్లది, 2024 నుంచి 2028 వరకు. అంతకుముందు ఈ ఆటకు ఇలాంటి ఒప్పందం అవసరమే ఉండేది కాదు. రెండు జట్లూ ఒకే కాన్ఫరెన్స్‌లో, అంటే ఏటా తమలో తాము ఆడుకునే విశ్వవిద్యాలయాల కూటమిలో, ఉండేవి కనుక నవంబరు వచ్చిందంటే ఆపిల్ కప్ వచ్చినట్టే. ఇప్పుడు దానికి గడువు తేదీ ఒకటి పడింది.

తెలుగు పాఠకుల కోసం ఒక మాట. మన దేశంలో విశ్వవిద్యాలయాల మధ్య క్రికెట్ పోటీలు లేకపోలేదు. రోహింటన్ బారియా ట్రోఫీ 1930ల నుంచి ఉంది, విజయనగరం మహారాజకుమారుడి పేరిట విజ్జీ ట్రోఫీ కూడా ఉంది. కానీ ఆ ఆటలు చూడటానికి టికెట్ కొని, మూడు వందల మైళ్లు ప్రయాణం చేసి వెళ్లినవాళ్లు మీకెంతమంది తెలుసు? నాకు ఒక్కరూ తెలియదు. ఇక్కడ అలా కాదు. డిగ్రీ చేతికొచ్చి పాతికేళ్లయినా, ఉద్యోగం, ఊరు, దేశం మారినా, జట్టు మాత్రం మారదు. పల్లెటూళ్లో పుట్టి నగరంలో ఉంటున్నవాడు ఊరి తిరునాళ్లకు వెళ్లినట్టు ఏటా ఒకసారైనా వెళ్తారు. శంషాబాద్ విమానాశ్రయంలో ఒకసారి నా టోపీ మీది గుర్తు చూసి ఎవరో ఒక తెల్లాయన ‘గో కూగ్స్’ అన్నాడు, నేనూ ‘గో కూగ్స్’ అన్నాను, అంతే, ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. మా ఆవిడ ‘ఆయన మీకు తెలుసా అండీ?’ అని అడిగితే తెలుసనాలో తెలియదనాలో అర్థం కాలేదు.

ఈ జబ్బు నాకెలా అంటుకుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ సమావేశాల ఎజెండాల్లో ‘అభిమానులు’ అన్న మాట కింద లెక్కకొచ్చేవాళ్లు ఇలాగే తయారవుతారు.

పుల్‌మన్ పలూస్ కొండల మధ్య ఊరు. కొండలంటే రాళ్లూ అడవులూ కావు, గోధుమ చేలు కప్పుకున్న మెత్తటి గుట్టలు. అక్కడ పప్పుధాన్యాలు కూడా పండుతాయి, ఆగస్టులో పప్పుల పేరిట జాతరే జరుగుతుంది. అమెరికా వచ్చిన మొదటి వారంలోనే ఎర్రపప్పు పండగ చూశానని మా అమ్మకు రాస్తే ఆవిడ నమ్మలేదు. పక్క ఊరి పేరు మాస్కో, ఎనిమిది మైళ్లు, రాష్ట్రం మారి ఐడహోలోకి వెళ్లాలి. సరుకులకు మాస్కో వెళ్లొచ్చానని ఫోన్‌లో చెబితే మా నాన్న ‘అంత దూరం ఎందుకురా?’ అని కంగారుపడ్డారు. అలాంటి ఊళ్లో, జనాభా మొత్తం ముప్పై మూడు వేలు దాటని చోట, దాదాపు అంతమందీ పట్టే స్టేడియం ఉంది. శనివారం నాడు అది నిండుతుంది. ఆ చప్పుడు లైబ్రరీ మూడో అంతస్తులో కూర్చున్న నాకు వినిపించేది. మొదటి ఏడాది చిరాకు పడ్డాను. రెండో ఏడాది, అంటే 1997లో, పుస్తకం మూసి వెళ్లాను.

ఆ ఏడాది రయాన్ లీఫ్ మా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ జట్టును నడిపించే ఆటగాడు. సియాటిల్‌లో హస్కీలను 41–35తో ఓడించి, 67 ఏళ్ల తర్వాత మా జట్టు, సీజన్ చివర మంచి జట్లు ఆడే ‘బౌల్’ ఆటల్లో పేరున్న రోజ్ బౌల్‌కు వెళ్లింది. 1998 జనవరి 1న సెలవులకు ఊరంతా ఖాళీ అయిపోయింది, వీలున్నవాళ్లంతా పాసడీనా వెళ్లారు. మిగిలినది మాలాంటి విదేశీ విద్యార్థులం, మా అపార్ట్‌మెంట్ల మరమ్మతులు చూసుకునే ఒక ముసలాయన. ఆయన తన టీవీ పాడైందని మా గదికి వచ్చి కూర్చున్నాడు. ఎదుట మిషిగన్, 21–16తో వాళ్లే ముందున్నారు. ఆఖరి అర నిమిషంలో లీఫ్ జట్టును మైదానం ఆ చివరి నుంచి మిషిగన్ 26 గజాల గీత దాకా తెచ్చాడు. గడియారంలో రెండు సెకన్లు ఉన్నాయి. బంతి అందుకుని నేలకు కొట్టాడు, గడియారం ఆపడానికి. రిఫరీలు ఆట అయిపోయిందన్నారు. ‘రెండు సెకన్లున్నాయి కదా, ఏమయ్యాయి?’ అని నేను అడుగుతూనే ఉన్నాను. ముసలాయన జవాబు చెప్పకుండా లేచి, మా స్టవ్ మీద ఉన్న టీ గిన్నె వైపు చూసి, ‘అది పొంగిపోతోంది’ అన్నాడు. తలుపు దగ్గర ఆగి, ‘మళ్లీ ఏడు చూద్దాం’ అన్నాడు. మళ్లీ ఏడు మా జట్టు కాన్ఫరెన్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

ఆ రెండు సెకన్ల గురించి ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు. నేను వాదించను. ఆ రోజు నాకు తెలిసినదల్లా, నాకు పుట్టుకతో ఏ సంబంధమూ లేని ఒక జట్టు ఓడితే నాకు రాత్రి అన్నం సహించలేదన్నదే.

చేతిదాకా వచ్చినదాన్ని జారవిడుచుకోవడానికి ఇక్కడ ఒక మాటే పుట్టింది, ‘కూగ్‌డ్ ఇట్’ అని. మా జట్టు పేరును క్రియాపదం చేసేశారు. ఆ క్రియకు ఉదాహరణలు కావాలంటే కొరత లేదు. 2002 ఆపిల్ కప్‌లో పుల్‌మన్‌లో ఐదు నిమిషాలు కూడా మిగలని దశలో 20–10 ఆధిక్యంలో ఉండి, మూడు ఓవర్‌టైమ్‌లు ఆడి 29–26తో ఓడిపోయాం. 2019 సెప్టెంబరులో లాస్ ఏంజెలిస్ జట్టు యూసీఎల్ఏ మీద మూడో క్వార్టర్‌లో 49–17తో ముందున్నాం. మా క్వార్టర్‌బ్యాక్ ఆ రాత్రి తొమ్మిది టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. ఓడిపోయాం, 67–63. ఆ అంకెలు చూసి మా అమ్మాయి ఇది బాస్కెట్‌బాల్ స్కోరా అని అడిగింది. 2013 నుంచి 2019 వరకు వరుసగా ఏడు ఆపిల్ కప్‌లు పోయాయి. వాటిలో 2018ది అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే ఆ సీజన్‌లో అప్పటికి పది గెలిచి ఒక్కటే ఓడి ఉన్నాం, మంచు కురుస్తున్న మైదానం మాదే, కోచ్ మైక్ లీచ్ కట్టిన జట్లలో అంతకన్నా మంచిది లేదు. అయినా 28–15.

ఇంత చెప్పాక, మేమెందుకు వస్తూనే ఉంటామో తెలియాలంటే 2008 నవంబరు 22 సంగతి వినాలి. ఆ రోజుకు మీ హస్కీలు పది ఆడి పదీ ఓడారు. మా కూగర్లు పదకొండు ఆడి ఒక్కటి గెలిచారు, అదీ పోర్ట్‌లాండ్ స్టేట్ అనే చిన్న జట్టు మీద. దేశంలోని పెద్ద కాన్ఫరెన్స్‌ల జట్లలో అట్టడుగున ఎవరున్నారో తేల్చుకునే పోటీ అని పత్రికలవాళ్లు ఎగతాళి చేశారు. నేను నాలుగేళ్ల పాపను వెనక సీట్లో కట్టేసి తెల్లవారుజామునే బయల్దేరాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, ‘ఇద్దరూ ఓడిపోయేవాళ్లే అయినప్పుడు పెట్రోలు దండగ కాదా అండీ?’ అంది. నా దగ్గర జవాబు లేదు, పులిహోర డబ్బా తీసుకుని కారెక్కాను. స్నోక్వాల్మీ కనుమ దాటి, వాంటేజ్ దగ్గర కొలంబియా నది మీది వంతెన దాటి, 26వ నంబరు రోడ్డు పట్టుకుని ఒథెల్లో, వాష్‌టక్నా, డస్టీ మీదుగా కోల్‌ఫాక్స్ చేరేసరికి దారిలో ప్రతి పెట్రోలు బంకులోనూ రెండు రంగుల టోపీలూ కనిపించాయి. ఎవరూ ఎవరినీ ఎగతాళి చేయడం లేదు. ఆ ఏడాది ఆ ధైర్యం ఎవరికీ లేదు.

సగం ఆటకు 10–0తో వెనకబడ్డాం. పాప దుప్పటిలో నిద్రపోయింది. నిర్ణీత సమయం ఆఖరి క్షణంలో ఫీల్డ్ గోల్‌తో, అంటే బంతిని రెండు కంబాల మధ్యకు తన్ని తెచ్చిన మూడు పాయింట్లతో, 10–10 అయింది. మొదటి ఓవర్‌టైమ్ కూడా సమమే. రెండో ఓవర్‌టైమ్‌లో మా కిక్కర్ కొట్టిన బంతి రెండు కంబాల మధ్య నుంచి వెళ్లినప్పుడు, 16–13, నా పక్కన అప్పటిదాకా మాట్లాడని ఒక గోధుమ రైతు నన్ను పాపతో సహా ఎత్తేశాడు. పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. ఆయన జేబులోంచి చాక్లెట్ తీసి ఇచ్చి క్షమాపణ చెప్పాడు. రెండు జట్లకూ ఆ ఏడాది ఇంకేమీ మిగల్లేదు. బౌల్ లేదు, ర్యాంకు లేదు, డబ్బు లేదు. ముప్పై వేల మంది చలిలో నిలబడింది ఆపిల్ కప్ కోసం మాత్రమే. ఈ ఆట విలువ ఎంత అని మీ సలహాదారులు అడిగినప్పుడు మీరు టీవీ రేటింగులు తెప్పించుకుంటారు. ఆ రోజు స్టాండ్లను కూడా ఒక్కసారి తలచుకోండి.

ఇక 2023. ఇప్పటిదాకా చెప్పిన ఓటములన్నీ మావే. మైదానంలో పోగొట్టుకున్నాం, ఎవరినీ అనడానికి లేదు. 2023లో పోయింది అలా పోలేదు.

1915లో పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌గా పుట్టి పాక్-12గా ఎదిగిన మన కూటమి నుంచి 2022 జూన్‌లో లాస్ ఏంజెలిస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్ఏ బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కు వెళ్తామన్నాయి. 2023 జూలైలో కొలరాడో వెళ్లిపోయింది. మిగిలినవాళ్ల ముందు ఆపిల్ కంపెనీ ఇచ్చిన ప్రసారాల ప్రతిపాదన ఉంది. ఆపిల్ పేరు మోసే కప్పును ఆపిల్ నిలబెడుతుందేమోనని మేం జోకులు వేసుకున్నాం. ఆగస్టు 4న ఆరెగాన్, వాషింగ్టన్ కలిసి బిగ్ టెన్‌కు, అదే రోజు అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా కలిసి బిగ్ 12కు వెళ్తున్నట్టు తేలిపోయింది. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీ) అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. శాన్‌ఫ్రాన్సిస్కో బేకు అట్లాంటిక్ ఎటు వైపో నాకు ఎవరూ చూపించలేకపోయారు. చివరికి పన్నెండింటిలో ఇద్దరు మిగిలారు, ఆరెగాన్ స్టేట్, మేమూ. రెండూ పొలాల మధ్య ఉన్న ఊళ్లు, టీవీ మార్కెట్ లేని ఊళ్లు.

ఆ మిగిలిన ఇద్దరూ కాన్ఫరెన్స్ ఎవరి చేతిలో ఉండాలన్నదాని మీద దావా వేసిన కోర్టు కోల్‌ఫాక్స్‌లో ఉంది. పుల్‌మన్ వెళ్లే ప్రతిసారీ నేను ఆ ఊరి వీధిలోంచే కారు నడిపిస్తాను. ఆ దావాలో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ అవతలి పక్షాన ఇంప్లీడ్ అయింది. నవంబరు 14న న్యాయమూర్తి గ్యారీ లిబ్బీ బోర్డు అధికారం మిగిలిన ఇద్దరిదేనని ఉత్తర్వు ఇచ్చారు. డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. తర్వాత రాజీ కుదిరింది, ఆ గొడవ తిరగతోడాలని నాకు లేదు. కానీ ఒకే రాష్ట్ర ప్రజల రెండు విశ్వవిద్యాలయాలు ఒక చిన్న ఊరి కోర్టు హాలులో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చోవడం, అన్నదమ్ములు గట్టు తగాదాకు తాలూకా కోర్టుకెక్కినట్టే అనిపించింది. గెలిచినవాడి ఇంట్లోనూ ఆ రోజు పండగ ఉండదు.

వెళ్లినవాళ్లను నేను దూషించను. బిగ్ టెన్‌లో మొదట్లో టీవీ డబ్బులో పూర్తి వాటా కూడా దక్కదని తెలిసే వెళ్లారు, అంటే వెనక ఎంత భయం ఉందో ఊహించగలను. మా వైపు తప్పులూ ఉన్నాయి. పాక్-12 బోర్డులో వాషింగ్టన్ స్టేట్‌కూ ఓటు ఉండేది, ఆ బోర్డు తప్పటడుగులు వేసిన ప్రతిసారీ మేమూ ఆ గదిలోనే ఉన్నాం. ఇంకో సంగతి కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. 2026 సీజన్ నుంచి కొత్త పాక్-12ను నిలబెట్టడానికి మేం బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియెగో స్టేట్, యూటా స్టేట్‌లను మౌంటెన్ వెస్ట్ అనే ఇంకో కాన్ఫరెన్స్ నుంచే తెచ్చుకున్నాం. టెక్సస్ స్టేట్‌నూ, ఫుట్‌బాల్ కాని ఆటలకు గొంజాగానూ చేర్చుకున్నాం. మాకు జరిగింది మేం అక్కడ మిగిలిపోయిన వయోమింగ్, నెవాడా అభిమానులకు చేశాం. ఆశ పుట్టిందని సంతోషించాను, ఆ ఆశ ఎవరి ఇంట్లోంచి వచ్చిందో తెలిసి కొంచెం సిగ్గుపడ్డాను కూడా.

ఆటగాళ్ల మీద కూడా నాకు కోపం లేదు. క్యామ్ వార్డ్ పుల్‌మన్‌లో రెండేళ్లు ఆడి మయామీకి వెళ్లి 2025లో, ప్రొఫెషనల్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరుగా నిలిచాడు. 2024 సీజన్ ముగిశాక జాన్ మటీర్ ఓక్లహోమా వెళ్లాడు. ఇన్నేళ్లూ వాళ్ల చెమటతో అందరూ సంపాదించారు. 2025 జూన్‌లో వచ్చిన కోర్టు పరిష్కారంతో ఒక్కో విశ్వవిద్యాలయం తొలి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు పంచవచ్చంటే, ఆలస్యమైనా అది న్యాయమే. ఆ డబ్బు లేని చోట ఏం జరుగుతుందో మాత్రం చూశాం. అదే నెలలో వాషింగ్టన్ స్టేట్ తన ట్రాక్ జట్టులో త్రోలు, జంపులు ఎత్తేసి దూరపు పరుగులకే పరిమితమవుతానని ప్రకటించింది. 1978లో కెన్యా పరుగువీరుడు హెన్రీ రోనో మా విద్యార్థిగా ఉంటూ మూడు నెలలు తిరక్కుండానే నాలుగు ప్రపంచ రికార్డులు సాధించిన జట్టు అది.

ఇక నా అసలు కోరిక. 2028 వచ్చేదాకా ఆగకుండా, ఇప్పుడే కూర్చుని, ఆపిల్ కప్ ఒప్పందాన్ని ఇంకో ఇరవై ఏళ్లకు పొడిగించండి. అంత కాలం ఎవరూ సంతకం చేయరని మీ న్యాయవాదులు అంటే పదేళ్లకు చేయండి, ప్రతి ఐదేళ్లకూ పొడిగించే షరతు పెట్టండి. కానీ ఆట ఏటా జరగాలి, ఒక ఏడు పుల్‌మన్‌లో, ఒక ఏడు సియాటిల్‌లో విశ్వవిద్యాలయం సొంత మైదానంలో. ఈ చివరి మాట ఎందుకంటే 2024లో ఆటను ప్రొఫెషనల్ జట్టు ఆడే లూమెన్ ఫీల్డ్‌లో పెట్టారు. మేం 24–19తో గెలిచాం, ఆఖర్లో ఒక్క గజం దూరంలో హస్కీలను ఆపేశాం, ఆ రోజు నా గొంతు పోయింది. అయినా అది అద్దె ఇంట్లో పెళ్లిలా ఉంది. హస్కీ స్టేడియంకు సరస్సు మీద పడవల్లో వచ్చేవాళ్లను చూడాలి. ప్రత్యర్థినే అయినా ఒప్పుకుంటాను, దేశంలో అంత అందమైన చోటు తక్కువ.

తేదీ గురించి కూడా అడుగుతున్నాను. ఇప్పుడు ఆట సెప్టెంబరుకు జరిగింది. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో శరదృతువు తరగతులు సెప్టెంబరు నాలుగో వారంలో మొదలవుతాయి. 2024లో సెప్టెంబరు 14న, 2025లో సెప్టెంబరు 20న ఆడారు. అంటే ఆ విశ్వవిద్యాలయంలో చదువుకునే పిల్లలు ఇంకా క్యాంపస్‌కే రాని రోజుల్లో వాళ్ల అతి ముఖ్యమైన ఆట అయిపోతోంది. కొత్తగా చేరిన పిల్లవాడికి ఆపిల్ కప్ అంటే ఏమిటో తెలిసేలోపే ఫలితం పాతబడిపోతుంది. థాంక్స్‌గివింగ్ మరునాడే కావాలని నేను పట్టుబట్టను, ఆ వారం పుల్‌మన్‌లో సెలవులు, ఊరు ఖాళీ. అంతకు ముందరి శనివారం చాలు. 1992లో మంచులో డ్రూ బ్లెడ్‌సో 42–23తో గెలిపించిన ఆట, 2002 ఆట, నేను చెప్పిన 2008 ఆట, అన్నీ ఆ శనివారాలే.

వేర్వేరు కాన్ఫరెన్స్‌ల జట్లు నవంబరులో ఎలా ఆడతాయని అంటారేమో. ఫ్లోరిడా, ఫ్లోరిడా స్టేట్ ఆడుతున్నాయి. జార్జియా, జార్జియా టెక్ ఆడుతున్నాయి. క్లెమ్‌సన్, సౌత్ కరొలైనా ఆడుతున్నాయి. మూడు జంటలూ సీజన్ ఆఖరి వారంలోనే. కుదరదంటే ఏమవుతుందో టెక్సస్‌వాళ్లను అడగండి. 2011లో టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఆట ఆగిపోయింది, మళ్లీ మొదలయ్యేసరికి 2024 వచ్చింది. మధ్యలో ఎనిమిదో తరగతి పిల్లవాడు డిగ్రీ పుచ్చుకుని, పెళ్లి చేసుకుని, తన పిల్లవాడికి ఏ జట్టును చూపించాలో తెలియని స్థితికి వచ్చి ఉంటాడు. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ 2023 తర్వాత ఆపేశాయి. అవి ఎప్పుడు మొదలవుతాయో ఎవరికి ఎరుక?

అయ్యా, అమ్మా, మీ రెండు మండళ్లనూ నియమించేది ఒకే గవర్నరు, ఖరారు చేసేది ఒకే సెనేట్. నేను కట్టే పన్ను మీ ఇద్దరికీ వస్తుంది. బిగ్ టెన్ షెడ్యూలు ఇల్లినాయ్‌లో తయారవుతుంది, టీవీ వేళలు న్యూయార్క్‌లో, లాస్ ఏంజెలిస్‌లో తేలుతాయి, వాటి మీద మీకు పట్టు లేదని తెలుసు. ఈ ఒక్క ఆట మీద మాత్రం పట్టు పూర్తిగా మీదే. న్యూజెర్సీలోని రట్గర్స్‌తో ఆడటానికి దేశం ఈ కొస నుంచి ఆ కొసకు ఎగరగలిగిన జట్టు, కొండ దాటి ఐదు గంటల్లో పుల్‌మన్ రాలేదా?

మేం మీకు ఏమిస్తాం అంటారా? శనివారం ఉదయం వచ్చే ‘కాలేజ్ గేమ్‌డే’ టీవీ కార్యక్రమం దేశంలో ఏ ఊళ్లో జరిగినా, 2003 నుంచి కెమెరా ముందు మా జెండా ఒకటి ఎగురుతుంది. ఆ కార్యక్రమం పుల్‌మన్‌కు తొలిసారి వచ్చింది 2018లో. అప్పటిదాకా పదిహేనేళ్లపాటు, తమ జట్టుకు ఏ సంబంధమూ లేని ఊళ్లలో, పూర్వ విద్యార్థులు ఒకరికొకరు ఆ జెండాను కొరియర్‌లో పంపుకుంటూ, చీకట్లో లేచి వెళ్లి ఎత్తిపట్టుకున్నారు. దీనికి జీతం లేదు, జట్టు ఎన్ని ఓడినా ఆగింది లేదు. ఇంతకన్నా నమ్మకమైన ఆస్తి ఏ ఒప్పందంలోనైనా మీకు దొరుకుతుందా?

చివరగా 2023 నవంబరు 25 సాయంత్రం. హస్కీ స్టేడియంలో ఊదారంగు చొక్కాలో మా అమ్మాయి, పక్కన క్రిమ్సన్ కోటులో నేను. ఆమె జట్టు అప్పటికి ఒక్కటీ ఓడలేదు, ఆ తర్వాత జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. మాది ఐదు గెలిచి ఆరు ఓడిన జట్టు. అయినా ఆఖరి నిమిషాల్లో 21–21. ఆఖరి ప్రయత్నమైన నాలుగో డౌన్‌లో, తమ సగంలోనే, ఒక్క గజం కోసం హస్కీలు సాహసం చేసి ఆ గజం సాధించారు. గడియారం సున్నాకొస్తుండగా 42 గజాల కిక్. అది కంబాల మధ్యకు వెళ్లింది. చుట్టూ ఊరంతా ఊగిపోతుంటే మా అమ్మాయి ఎగరలేదు, నా చెయ్యి పట్టుకుంది. ‘ఎగురమ్మా, నీ జట్టు గెలిచింది’ అన్నాను. అప్పుడు ఎగిరింది.

బయటికొచ్చి మాంట్‌లేక్ వంతెన మీద జనంలో నడుస్తూ, అప్పటికి ఒప్పందం ప్రకటన కూడా రాలేదు కనుక, ఇదే ఆఖరిదా అనుకున్నాను. ఆ నడకంత బరువుగా 1998లో ఆ రెండు సెకన్లు కూడా లేవు.

2025లో పుల్‌మన్‌లో 59–24తో చిత్తుగా ఓడాం, తిరిగొచ్చేటప్పుడు డస్టీ దగ్గర కారాపి పులిహోర తిన్నాం, ఎప్పటిలాగే. మా అమ్మాయి క్యాలెండరు తీసి ఒప్పందంలో మిగిలిన ఏళ్లు లెక్కపెట్టింది. 2026, 2027, 2028. తర్వాత వేలు ఖాళీ గడి మీద ఆపి, ‘2029లో ఏ ఊళ్లో నాన్నా?’ అంది. మీ దగ్గర నుంచి జవాబు రాగానే చెబుతానన్నాను.

ఇట్లు,
వాషింగ్టన్ స్టేట్ పూర్వ విద్యార్థి, ఒక హస్కీకి తండ్రి,
బెల్‌వ్యూ